చక్రంలో వెంట్రుకవాసి ఆట

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో సాగిపోతున్న ఒక చిన్న కారును ఊహించుకోండి. ఆ వేగంలో దాని చక్రం ఒక్కొక్కటి నిమిషానికి సుమారు 550 సార్లు తిరుగుతూ ఉంటుంది. మనుషులతో, సామానుతో కలిసి టన్ను దాటిన బరువులో ముందు చక్రం ఒక్కొక్కటి రెండు వందల కిలోలకు పైగా మోస్తుంది. మోయడమే కాదు, గుంతలో పడి లేవాలి, మలుపులో పక్కకు తోసే బలానికి తట్టుకోవాలి, బ్రేకు వేసినప్పుడు పుట్టే వేడిని సహించాలి. ఇంత పనీ జరిగేది తిరిగే చక్రానికీ తిరగని ఇరుసుకూ మధ్య, అరచేతిలో ఇమిడిపోయే రెండు ఉక్కు వలయాల మీద. వాటిని బేరింగులంటారు. ఏళ్ళ తరబడి కారు నడిపిన వారిలో కూడా వాటిని కంటితో చూసినవారు అరుదు.

చూడవలసిన అవసరం కొత్త కార్లలో దాదాపు లేకుండా పోయింది. నేటి కార్లలో చాలా వాటికి హబ్బు, బేరింగు కలిపి మూసివేసిన ఒకే భాగంగా వస్తున్నాయి. అరిగితే మొత్తం తీసి మార్చడమే. అందులో గ్రీజు పెట్టే పని లేదు, బిగింపు సరిచూసే పనీ లేదు. కాని ఇంటి ముందు షెడ్డులో తండ్రిదో తాతదో అయిన పాత కారును భద్రంగా ఉంచుకొని, ఆదివారాలు బయటికి తీసేవారు మన దేశంలో తక్కువేమీ కాదు. వారి కోసమే ఈ నాలుగు మాటలు. ఉదాహరణకు మదరాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా 1961 నుంచి 1971 వరకు తయారుచేసిన స్టాండర్డ్ హెరాల్డును తీసుకుంటాను. నేను దగ్గరగా ఎరిగిన కారు అదే కావడం ఒక కారణం. దాని ముందు చక్రాలు పూర్వపు పద్ధతిని చక్కగా చూపగలగడం రెండవది.

అసలు ఈ బేరింగు చేసే పని మన పల్లెలకు కొత్తది కాదు. ఎద్దుబండి చక్రం ఇరుసు మీద రాసుకుంటూ తిరుగుతుంది. ఆ రాపిడి తగ్గించడానికి ఎండుగడ్డి కాల్చిన మసిని ఆముదంతో కలిపి కందెన చేసేవారు. బండికి కట్టిన వెదురు గొట్టంలోనో కొమ్ములోనో ఆ కందెన వేలాడుతూ ఉండేది. చక్రం జారిపోకుండా ఇరుసు చివర కడచీల ఉండేది. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఇరుసు, కందెన, కడచీల మూడూ కారు చక్రంలోనూ ఉన్నాయి. కాకపోతే పేర్లు మారాయి. తేడా అంతా రాసుకోవడానికి బదులు దొర్లడంలో ఉంది.

గుండ్రని ఉక్కు గోళీల మీద చక్రాన్ని దొర్లించడం పందొమ్మిదవ శతాబ్దం చివరికి సైకిళ్ళ పుణ్యమా అని లోకానికంతటికీ తెలిసింది. అయితే గోళీ తన చుట్టూ ఉన్న వలయాన్ని ఒక చుక్కంత మేర మాత్రమే తాకుతుంది. పెద్ద బరువు, అందులోనూ పక్కకు తోసే బరువు దానికి కష్టం. అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో గుర్రపు బండ్లు తయారుచేసే హెన్రీ టిమ్‌కెన్‌కు ఈ ఇబ్బంది బాగా తెలుసు. నిండు బరువుతో బండి మలుపు తిరిగినప్పుడు చక్రం పక్కకు ఒత్తుకుంటుంది. రాపిడి పెరుగుతుంది, లాగే జంతువు అలసిపోతుంది. 1898లో ఆయన మరొకరితో కలిసి పేటెంటు పొందిన పరిష్కారమే నేటికీ పాత కార్ల ముందు చక్రాలలో కనిపించే టేపర్ రోలర్ బేరింగు.

ఇందులోని సూక్ష్మం తెలుసుకోవాలంటే వంటింట్లోకి వెళ్ళి ఒక స్టీలు గ్లాసు తెచ్చుకోండి. అడుగు సన్నంగా, అంచు వెడల్పుగా ఉన్న గ్లాసును నేలమీద పడుకోబెట్టి దొర్లిస్తే అది తిన్నగా పోదు, గుండ్రంగా తిరుగుతుంది. ఎక్కడా ఈడ్చుకుపోకుండా ఒక కేంద్రం చుట్టూ దొర్లుతుంది. టిమ్‌కెన్ బేరింగులోని రోలర్లు అలాంటి చిన్న గ్లాసులే. అవి దొర్లే లోపలి వలయమూ బయటి వలయమూ కూడా అదే విధంగా ఏటవాలుగా చెక్కి ఉంటాయి. ఈ వాలులన్నిటినీ ఊహలో పొడిగిస్తే ఇరుసు మధ్యరేఖ మీద ఒకే బిందువు వద్ద కలుస్తాయి. అందుచేత రోలరు నిడివి పొడవునా జారుడు లేకుండా దొర్లుతుంది. పైనుంచి పడే బరువునూ పక్కనుంచి తోసే బలాన్నీ ఒకటే మోస్తుంది. ఒక్కొక్క చక్రంలో ఇవి రెండు, లోపల పెద్దది, బయట చిన్నది, ఒకదానికొకటి ఎదురుగా పెట్టి ఉంటాయి.

హెరాల్డు వంటి కారుకు ఇది ఎందుకు ముఖ్యమో దానిని ఒక్కసారి మలుపు తిప్పినవారికి తెలుస్తుంది. ఇరుకు సందులో 25 అడుగుల వృత్తంలో చుట్టూ తిరిగి రాగల కారు అది. అంతగా వంపు తిరిగే చక్రాల మీద పక్క ఒత్తిడి ఎంతో ఆలోచించండి.

ఇక జబ్బు లక్షణాలు. అరిగిపోతున్న బేరింగు మొదట మాట్లాడేది ధ్వనితోనే. దూరాన తుమ్మెద ఝుంకారంలా మొదలై, వేగంతోపాటు స్థాయి పెంచుకుంటూ, నెలలు గడిచేకొద్దీ బొంగురుపోతుంది. టైరు కూడా ఇలాంటి చప్పుడే చేస్తుంది. అయితే తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డుకు మారగానే టైరు చప్పుడు మారుతుంది, బేరింగు చప్పుడు మారదు. ఖాళీ రోడ్డు మీద తగిన వేగంలో స్టీరింగును కొద్దిగా ఎడమకు తిప్పి చూడండి. బరువు కుడి చక్రాల మీదికి ఒరుగుతుంది. అప్పుడు చప్పుడు హెచ్చితే అనుమానించవలసింది కుడివైపు చక్రాన్ని. ఎడమవైపు సంగతి దీనికి విపర్యయం.

రెండవ సాక్ష్యం వేడి. పది పదిహేను కిలోమీటర్లు నడిపి, ఎక్కువగా బ్రేకు వాడకుండా ఆపి, ముందు చక్రాల హబ్బుల దగ్గర చేయి పెట్టి చూడండి. ముందు అంగుళం దూరం నుంచి చూసి తరువాతే తాకడం క్షేమం. రెండూ ఒకే మాదిరి వెచ్చగా ఉంటే దిగులు లేదు. ఒకటి గోరువెచ్చగా, ఒకటి చురుక్కుమనేలా ఉంటే, పట్టుకుపోయిన బ్రేకో, చెడిన బేరింగో, రెండింటిలో ఒకటి.

మూడవది చేతి పరీక్ష. సమతలమైన నేల మీద వెనుక చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, ముందు చక్రాన్ని జాకీతో లేపి, ఫ్రేము కింద బలమైన స్టాండు పెట్టండి. జాకీ ఒక్కదానినే నమ్మి కారు దగ్గర కూర్చోవడం కూడదు. చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకొని ముందుకూ వెనక్కూ ఊపండి. గుర్తించీ గుర్తించనంత కదలిక ఉంటే ఉండవచ్చు. టకటకమని తగిలితే తప్పు. అయితే ఆ తప్పు బేరింగుదేనా? ఒకరిని లోపల కూర్చోబెట్టి బ్రేకు తొక్కమనండి. బ్రేకు పట్టినప్పుడు హబ్బు, ఇరుసు ఒకటైపోతాయి. కదలిక మాయమైతే దోషం బేరింగుది. అప్పటికీ ఊగుతూ ఉంటే చక్రాన్ని మోసే కీళ్ళలో ఉంది. హెరాల్డులో ఆ కింది కీలును ట్రనియన్ అంటారు. దానికి గేరు నూనె పట్టించాలి. గ్రీజుతో సరిపెట్టిన కార్లలో అది తుప్పుపట్టి విరిగి, చక్రం కారు కిందికి ముడుచుకుపోయిన సందర్భాలు ఆ కారు ప్రియులందరికీ తెలిసినవే. కాబట్టి ఈ పరీక్ష బేరింగు కోసం చేసినా, అంతకంటే పెద్ద ప్రమాదాన్ని బయటపెట్టవచ్చు.

చివరగా చక్రాన్ని చేత్తో తిప్పి వదలి, రెండవ చేతిని స్ప్రింగు మీద ఆనించండి. చెవికి వినపడని గరుకుదనం వేళ్ళకు తెలుస్తుంది. నాడి చూసే వైద్యుని పద్ధతే ఇది.

విప్పడం కష్టమైన పని కాదు, ఓపిక కావాలి. చక్రమూ బ్రేకు డ్రమ్మూ తీయగానే లోపల బ్రేకు షూల నుంచి రాలిన నల్లని పొడి కనిపిస్తుంది. పూర్వపు షూలలో ఆస్‌బెస్టాస్ ఉండేది. నోటితోగాని గాలి గొట్టంతోగాని దానిని ఊదవద్దు, తడిగుడ్డతో తుడిచి పారవేయండి. హబ్బు నడుమ చిన్న గ్రీజు టోపీ. దాని కింద పళ్ళున్న కాజిల్ నట్టు, ఆ పళ్ళ సందుల్లోంచి ఇరుసులో దూర్చి రెండు కొనలు వంచిన స్ప్లిట్ పిన్ను. మన కడచీలకు మనుమడు ఈ పిన్ను. దానిని తీసి పారవేయాలి. ఒకసారి వంచి చాచిన తీగను మళ్ళీ నమ్మకూడదు. నట్టు, వాషరు తీసి హబ్బును కాస్త లాగితే బయటి బేరింగు చేతిలోకి వస్తుంది. హబ్బును పూర్తిగా లాగితే లోపలి బేరింగు, దాని వెనుక గ్రీజును కాపాడే సీలు కనిపిస్తాయి. ఎడమ చక్రానివి, కుడి చక్రానివి వేరువేరు గిన్నెలలో ఉంచండి. ఇన్నేళ్ళుగా ఏ వలయం మీద ఏ రోలర్లు దొర్లాయో అవి ఒకదానికొకటి అలవాటుపడి ఉంటాయి. తారుమారు చేస్తే మంచివి కూడా పాడవుతాయి.

కిరసనాయిలులో బ్రష్షుతో కడిగి, గుడ్డ మీద ఆరనివ్వండి. వర్క్‌షాపు కుర్రవాళ్ళకు గాలి గొట్టంతో బేరింగును గిర్రున తిప్పడం ఒక వేడుక. గ్రీజు లేకుండా ఆ వేగంలో తిరిగితే అది దెబ్బతింటుంది, రోలర్లు ఊడి తూటాల్లా ఎగిరే ప్రమాదమూ ఉంది.

ఇప్పుడు మంచి వెలుతురులో చూడండి. ఆరోగ్యమైన రోలరు అద్దంలా మెరుస్తుంది, కాకుంటే సమానంగా బూడిదరంగుకు తిరిగి ఉంటుంది. దాని మీద మశూచి మచ్చలవంటి గుంటలు, పెచ్చులూడిన చోట్లు ఉంటే ఉక్కు అలసిపోయిందని అర్థం. నీలం లేక ముదురు గోధుమ రంగు ఛాయ ఉంటే ఎప్పుడో విపరీతంగా వేడెక్కింది. బయటి వలయంలో రోలర్ల ఎడంతో సమానమైన ఎడంలో గీతలు పడి ఉంటే, పెద్ద గుంతలో దబ్బున పడ్డ గుర్తు కావచ్చు, ఎన్నో నెలలు కదలకుండా నిలిపి ఉంచిన ఫలితమూ కావచ్చు. నల్లని చారలు, తుప్పు మరకలు నీళ్ళు చేరాయని చెబుతాయి. మన దేశంలో ఈ చివరిదే ఎక్కువ. నడిచి వేడెక్కిన హబ్బు నీటిలో దిగితే హఠాత్తుగా చల్లబడుతుంది. లోపలి గాలి ముడుచుకొని, సీలు సందులోంచి నీటిని పీల్చుకుంటుంది. ముంబయిని 2005 జూలైలో, చెన్నైని 2015 డిసెంబరులో, హైదరాబాదును 2020 అక్టోబరులో ముంచిన వరదలవంటి వాటిలో ఇరుసు దాకా మునిగిన పాత కారుకు ఇంజను ఒక్కటి ఆరబెట్టి ఊరుకుంటే చాలదు. హబ్బులు విప్పి తీరాలి.

ఈ దోషాలలో ఏ ఒక్కటి కనిపించినా లోపలి వలయాన్నీ బయటి వలయాన్నీ కలిపి, జతగానే మార్చాలి. బయటి వలయం హబ్బులో బిగువుగా కూర్చొని ఉంటుంది కాబట్టి, కొత్త రోలర్లు వేసి పాత వలయాన్ని అలాగే వదిలివేయాలనే ఆశ పుడుతుంది. అది కొత్త చెప్పులు పాత మేకుల మీద వేసుకోవడమే. మెత్తని ఇత్తడి కడ్డీతో అటొక దెబ్బ, ఇటొక దెబ్బ సమంగా వేస్తూ పాతదానిని దింపి, కొత్తదానిని అలాగే ఎక్కించాలి. పూర్తిగా కూర్చున్న క్షణంలో సుత్తి దెబ్బ ధ్వని మారి గట్టిగా పలుకుతుంది. కొనేటప్పుడు పాతదాని అంచున చెక్కిన అంకెలు రాసుకొని వెళ్ళండి. బేరింగుకు దేశభాషలు లేవు, అంకెలే దాని పేరు. పేరున్న కంపెనీల నకిలీలు బజారులో తిరుగుతూనే ఉంటాయి. ధర మరీ తక్కువైతే అనుమానించడమే మేలు.

గ్రీజు పెట్టడం చేత్తో చేసే పని. చక్రాల బేరింగులకు తగిన, వేడికి కరిగి కారని గ్రీజును ఎడమ అరచేతిలో నిమ్మకాయంత తీసుకొని, బేరింగు వెడల్పు అంచును దానిలోకి ఒత్తుతూ లాగండి. రోలర్ల సందుల్లోంచి రెండవ వైపుకు గ్రీజు పురుగుల్లా బయటికి వచ్చేదాకా ఒత్తుతూ, చుట్టూ తిప్పుతూ పోవాలి. పైపైన పూస్తే లోపల ఎండుగానే ఉంటుంది. కొత్త గ్రీజును పాత గ్రీజు మీద వేయవద్దు. వేరువేరు జాతుల గ్రీజులు కలిస్తే కొన్ని నీరుకారిపోతాయి. అలాగని హబ్బు లోపలి ఖాళీ అంతా కూరడమూ తప్పే. సగానికి మించకూడదు. ఎక్కువైనది చిలికినట్లై వేడెక్కి, సీలు దాటి బ్రేకు షూల మీదికి పాకుతుంది. అప్పుడు చక్రం హాయిగా తిరుగుతుంది, ఆగవలసినప్పుడు మాత్రం ఆగదు. సీలు కొత్తదే వేయండి. హెరాల్డులో ఇది ఫెల్టుతో చేసిన ఉంగరం. నూనెలో నానబెట్టి, పిండి వేయాలి.

ఇక మిగిలింది నట్టు బిగించడం. ప్రాణాలతో ముడిపడినది ఈ ఒక్క మెట్టే.

షేక్‌స్పియరును చదువుకున్నవారికి ‘ప్లే’ అంటే నాటకం. పిల్లలకు ఆట. మెకానిక్కులు ‘ప్లే వచ్చింది’ అన్నప్పుడు అర్థం వేరు, రెండు భాగాల మధ్య మిగిలిన వెలితి. అనువాదకునికి చిక్కు తెచ్చే ఈ మాటను ‘ఆట’ అనే తెలుగు చేయాలని నాకు అనిపిస్తుంది. ఎందుకంటే టేపర్ బేరింగుకు కాస్త ఆడే అవకాశం ఉండాలి. దాని కొలత మిల్లీమీటరులో పదవ వంతుకు అటూ ఇటూ. మనిషి తలవెంట్రుక మందం దాదాపు అంతే. వెంట్రుకవాసి అని మన పెద్దలన్న మాట ఇక్కడ అలంకారం కాదు, అక్షరాలా కొలతే.

ఆ వెంట్రుకవాసి లేకపోతే ఏమవుతుందో 1992 వేసవిలో మా మేనమామగారి హెరాల్డు వెనుక సీటులోంచి చూశాను. గుంటూరు నుంచి శ్రీశైలం ప్రయాణం. ముందురోజే ఊళ్ళో ఒక షెడ్డులో ముందు చక్రాలకు గ్రీజు పెట్టించారు. వినుకొండ దాటేసరికి కాలిన వాసన. ఎండకు తారు కరుగుతోందనుకున్నాం. దోర్నాల చేరేముందు మామయ్య ఆపి, చెంబులోని నీళ్ళు నాలుగు చుక్కలు కుడి హబ్బు మీద చిలకరించారు. పెనం మీద పడ్డట్టు చుయ్యిమన్నాయి. టోపీ చుట్టూ గ్రీజు నూనెలా కారి టైరు మీద చారలు కట్టింది. దోర్నాలలో ఒక ముసలి మెకానిక్కు నట్టు విప్పబోయి, పానా మీద రెండు చేతులూ వేయవలసి వచ్చింది. “ఎవురు సామీ దీన్ని ఇట్టా బిగించింది? లారీ అనుకున్నాడేమో!” అన్నాడు. బయటి బేరింగు నెమలి మెడలా నీలంగా మారి ఉంది. కొత్తది మరునాడు గుంటూరు నుంచి బస్సులో వచ్చేదాకా మేము అక్కడే ఉన్నాం. ఆ దోర్నాల దాటితే ఘాటు రోడ్డు. ఆ చక్రంతో అడవిలో ఆ మలుపులు ఎక్కి దిగి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న ఆ రాత్రి పెద్దవాళ్ళెవరూ పైకి అనలేదు.

కారణం విచిత్రంగా ఉంటుంది. బిగువు ఎక్కువైనప్పుడు రోలరుకూ వలయానికీ నడుమనున్న పలుచని గ్రీజు పొర నలిగిపోతుంది. లోహం లోహాన్ని తాకి వేడి పుడుతుంది. వేడికి లోపలి భాగాలు వ్యాకోచించి బిగువు మరింత పెరుగుతుంది. బిగువు వేడిని, వేడి బిగువును పెంచుకుంటూ పోతాయి. చివరికి రోలర్లు పట్టుకుపోయి, లోపలి వలయం ఇరుసు మీదే తిరుగుతూ దానిని కోసివేస్తుంది. ఇరుసు తెగితే చక్రం తన దారిన తాను పోతుంది. వదులుగా ఉన్న బేరింగు నెలల తరబడి మొరపెట్టుకుంటుంది. అతిగా బిగించినది వంద కిలోమీటర్లలోనే తేల్చివేస్తుంది. ‘గట్టిగా ఉంటే గట్టిది’ అనే నమ్మకం మిగతా నట్టులన్నిటి విషయంలో చెల్లుతుందేమోగాని ఇక్కడ చెల్లదు.

సరైన పద్ధతి ఇది. హబ్బును ఒక చేత్తో తిప్పుతూనే, రెండవ చేత్తో నట్టును చిన్న పానాతో ఓ మోస్తరుగా బిగించండి. తిప్పడం ఎందుకంటే, రోలర్లన్నీ తమ స్థానాలలో సర్దుకోవాలి. హబ్బు కాస్త బరువుగా తిరుగుతుందనిపించగానే ఆపి, నట్టును పూర్తిగా వదులు చేసి, మళ్ళీ వేళ్ళతో మాత్రమే తగిలేదాకా తిప్పండి. ఆ తరువాత పిన్ను రంధ్రం నట్టు సందుకు ఎదురుగా రాకపోతే, ముందుకు కాదు, వెనక్కే తిప్పి కలపండి. డయల్ గేజి ఉన్నవారు హబ్బును లోపలికీ బయటికీ లాగి కొలుచుకోవచ్చు. లేనివారు చక్రం తొడిగి ఊపి చూసి, తగిలీ తగలని ఆ కదలికను వేళ్ళతో గుర్తుపట్టాలి. కొత్త పిన్ను వేసి, కొనలు విడదీసి వంచి, టోపీ పెట్టండి. టోపీ నిండా గ్రీజు కూరనక్కరలేదు.

ఇది అన్ని పాత కార్లకూ వర్తించే మంత్రం మాత్రం కాదు. ఒకప్పటి బేబీ హిందుస్థాన్‌కు మూలమైన మోరిస్ మైనరులో ముందు చక్రాలకు గోళీల బేరింగులుంటాయి. రెంటి నడుమ దూరం ఉంచే ఒక గొట్టం ఉండి, నట్టును దాని మీదికి గట్టిగానే బిగించాలి. అక్కడ వేళ్ళతో బిగించి ఊరుకుంటే అది ప్రమాదం. పాత వోక్స్‌వాగన్ బీటిల్‌లో ఎడమ ముందు చక్రం నట్టుకు మరలు ఎదురు దిశలో ఉంటాయి, తెలియక విప్పబోయినవారు దానిని ఇంకా బిగిస్తారు. మీ అంబాసిడరుకో ఫియట్‌కో ఏది వర్తిస్తుందో దాని సర్వీసు మాన్యువలు చూసి తెలుసుకున్న తరువాతే పానా పట్టండి. వెనుక చక్రాల బేరింగులు ఇరుసు మీదికి ప్రెస్సుతో ఎక్కించినవైతే వాటి జోలికి ఇంట్లో పోవద్దు. చప్పుడు, వేడి గమనించి, ప్రెస్సు ఉన్న వర్క్‌షాపుకు అప్పగించండి.

పని ముగించిన రోజు పది కిలోమీటర్లు నడిపి, ఆగి, నాలుగు హబ్బులనూ తాకి చూడండి. నూట యాభై కిలోమీటర్ల తరువాత ముందు చక్రాలను మరొక్కసారి జాకీ మీద లేపి ఊపండి. కొత్త వలయాలు మరికాస్త సర్దుకొని ఆట పెరిగి ఉంటే, నట్టు ఒక సందు మేర ముందుకు జరపవలసి వస్తుంది. దానికి మళ్ళీ కొత్త పిన్ను కావాలి. అందుకని కొనేటప్పుడే నాలుగు ఎక్కువ తెచ్చుకోండి.